మోటరు కాలిందా? విప్పే ముందు చూద్దాం

వనపర్తి దగ్గర ఒక పల్లె. పల్లి చేనుకు ఊడలు దిగుతున్నాయి. ఇప్పుడు నీళ్ళు ఆగితే కాయ పట్టదు. సరిగ్గా అప్పుడే బోరు మోటరు ఆగింది. స్టార్టరు నొక్కితే పట్టుకుని వెంటనే విడుస్తున్నది.

"కాలిందక్కా. పైకి గుంజాలె. కొత్త వైండింగ్ కట్టాలె" అన్నాడు మెకానిక్.

"ఆగు తమ్మీ. కాలింది మోటరా, కేబులా? నీకెట్ల తెలిసింది?" అని అడిగింది ఆ ఇంటి అక్క.

అడగవలసిన మాటే. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. వైండింగ్ ఖర్చు మాత్రం మన ఇంటి డబ్బే. గద్వాల అయినా, నాగర్‌కర్నూల్ అయినా అంతే.

మోటరు లోపల రాగి తీగ చుట్టలు ఉంటాయి. మూడు ఫేజులకు మూడు గుంపులు. వాటిలో కరెంటు పారితే అయస్కాంత శక్తి గుండ్రంగా తిరుగుతుంది. ఆ శక్తికి నడుమనున్న రోటరు తిరుగుతుంది. రోటరుకు బయటి నుంచి ఏ తీగా రాదు. దీన్నే ఇండక్షన్ మోటరు అంటారు. నికోలా టెస్లా 1888లో అమెరికాలో దీనికి పేటెంటు పొందాడు.

తీగ మీద పూత ఉంటుంది. పూత పోతే తీగ తీగను తాకుతుంది. లేదా మోటరు బాడీని తాకుతుంది. ఒక్కోసారి తీగే తెగుతుంది.

మెకానిక్ ఫ్యూజులు పీకాడు. కేబులు మూడు కొసలను స్టార్టరు నుంచి విప్పాడు. ఇది ఆయన చేసే పని. మనం చేయి పెట్టొద్దు, పక్కన నిలబడి చూడాలి. రెండేసి కొసల మధ్య మీటరు పెట్టాడు. మూడు లెక్కలూ దాదాపు సమానంగా రావాలి. వచ్చాయి. అంటే తీగ తెగలేదు. కొద్ది చుట్లు మాత్రమే కలిసిపోతే మామూలు మీటరు పట్టలేదు, అది వేరే సంగతి.

తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో కొసకూ ఎర్తుకూ మధ్య కొలిచాడు. కనీసం ఒక మెగోమ్ ఉండాలి. ముల్లు సున్నా దగ్గరే నిలిచింది. కరెంటు ఎక్కడో కారుతున్నది. ఇలాంటప్పుడు ఇనుప పైపు ముట్టుకుంటే జిల్లుమంటుంది. ప్రాణమే పోవచ్చు.

మోటరు పైకి తీశారు. "ముందు జాయింటు కోసి, మోటరును విడిగా చూడు తమ్మీ" అంది అక్క. చూశాడు. మోటరు మంచిగానే ఉంది. నీళ్ళు దూరింది కేబులు జాయింటులోకి! కొత్త జాయింటు వేసి, మళ్ళీ మెగ్గర్ పెట్టి చూసి, దించారు.

పక్క చేను వదిన మోటరు మాత్రం నిజంగానే కాలింది. అదీ రెండోసారి. షాపులో పాత తీగ పీకే ముందు ఆమె నిలబడి చూసింది. అన్ని చుట్టలూ ఒకే తీరుగా నల్లబడితే బరువు ఎక్కువైనట్టు, లేదా వోల్టేజీ తగ్గినట్టు. ఒక్క చోటే మాడితే అక్కడ పూత పోయినట్టు. ఈ మోటరులో రెండు గుంపులు మాడాయి. మూడోది కొత్తదానిలా మెరుస్తున్నది. అంటే ఒక ఫేజు పోయినా మోటరు తిరుగుతూనే ఉంది.

ఫేజు పోతే మోటరును ఆపడానికి స్టార్టరులో ప్రివెంటర్ ఉంటుంది. ఇంటికెళ్ళి వెతికితే అది గూట్లో దొరికింది. మాటిమాటికీ ఆపుతున్నదని ఆమె భర్తే తీసి పెట్టాడు.