తుంటి ఎక్స్‌రేలో పాదాలు ఎందుకు తిప్పమంటారు?

తుంటి కీలు మార్పిడికి ముందు ఎక్స్‌రే తీసేటప్పుడు "రెండు పాదాలూ లోపలికి తిప్పండి" అంటారు. ఎందుకో తెలుసా? తొడ ఎముక మెడ సహజంగా కొంచెం ముందుకు తిరిగి ఉంటుంది. పాదాలను సుమారు 15 డిగ్రీలు లోపలికి తిప్పితేనే దాని అసలు పొడవు ఫిల్ములో పడుతుంది. పాదం బయటికి వాలితే మెడ పొట్టిగా కనిపిస్తుంది.

ఎక్స్‌రేలో ఎముక అసలుకన్నా పెద్దదిగా పడుతుంది. అందుకే సైజు తెలిసిన లోహపు గుండును తుంటి ఎత్తులో పక్కన పెట్టి, దానితో పోల్చి అసలు కొలత లెక్కిస్తారు.

ఆ కొలతను బట్టే ఎముక లోపల అమర్చే లోహపు కాడ సైజును అంచనా వేస్తారు. కాడ పెద్దదైతే ఎముక చిట్లవచ్చు, చిన్నదైతే వదులు కావచ్చు.

కాబట్టి నొప్పివల్ల పాదం తిరగకపోతే మొహమాటపడకుండా టెక్నీషియన్‌తో చెప్పండి. అవసరమైతే డాక్టరుగారు సి.టి. స్కాన్ రాస్తారు. పాత ఫిల్ములు కూడా తప్పక తెచ్చుకోండి.