గేర్‌బాక్స్ మార్చాలంటే కారణం కాగితం మీద అడగండి

ప్రశ్న: మాది ములకలపల్లి మండలం. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. ఎనిమిదిన్నర లక్షలు పెట్టి కొన్న ఆటోమేటిక్ కారుకు ఇంకా మూడేళ్ళు నిండలేదు, వారంటీ ఉంది. ఈమధ్య ‘డి’లో పెట్టి యాక్సిలేటర్ తొక్కితే బండి కాస్త ఆగి, జర్కు ఇచ్చి కదులుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ వేగం అందుకోదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇస్తే, గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని, లక్షా 60 వేలు అవుతుందని ఫోన్‌లో చెప్పారు. ఒకసారి బయట షెడ్డులో ఆయిల్ మార్పించాను కాబట్టి వారంటీ చెల్లదన్నారు. మీ డ్రైవింగ్ వల్లే పాడైందని కూడా అన్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. చెకింగ్ డబ్బులు కడితేనే బండి వదులుతామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మార్చమని ఫోన్‌లో మాత్రం ‘సరే’ అనకండి. మీ కేసు గెలవడమైనా ఓడడమైనా ఇప్పుడు మీరు అడిగి తీసుకునే కాగితాల మీదే ఆధారపడి ఉంటుంది. పాత గేర్‌బాక్స్ విప్పేసి పక్కన పడేశాక అసలు లోపం ఎక్కడుందో ఏ నిపుణుడూ తేల్చలేడు.

గేర్‌బాక్స్ పోయిందనడం రోగం పేరు చెప్పడం కాదు, చికిత్స చెప్పడం. రోగం పేరు వారు ఇంకా చెప్పలేదు. 2014లో సెలేరియోతో మన దగ్గర చవక కార్లలోకి వచ్చిన ఏఎంటీ రకమైతే, లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సూ, మామూలు క్లచ్ ప్లేటే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం ఒక యంత్రం చేస్తుంది, అంతే. మీరు చెప్పిన లక్షణాలు అరిగిన క్లచ్ వల్ల రావచ్చు, ఆ యంత్రంలో లోపం వల్ల రావచ్చు. కొన్నిసార్లు బలహీనపడిన బ్యాటరీ, వదులైన కనెక్టర్ కూడా ఇలాంటి తంటా తెస్తాయి. టార్క్ కన్వర్టర్, సీవీటీ రకాలైతే ముందు చూడవలసింది ఆయిల్: మట్టం ఎంత, రంగు ఎలా ఉంది, మాడు వాసన ఉందా, నీళ్ళు కలిసి పాలలా మారిందా. వానాకాలంలో వాగుల మీద పొంగే నీళ్ళలోంచి బండి దాటించే మన ప్రాంతంలో ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ఇవన్నీ చూడకుండా మొత్తం మార్చాలనడం తొందరపాటు.

కాబట్టి రాతపూర్వకంగా అడగండి. స్కానర్‌లో వచ్చిన ఫాల్ట్ కోడ్‌ల ప్రింట్ అడగండి. ‘పి0700’ వంటి కోడ్ వచ్చిందంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో లోపం నమోదు చేసిందని మాత్రమే అర్థం. ఆ లోపం ఏమిటో దాని వెంట ఉన్న మరో కోడ్ చెబుతుంది, అదీ కావాలనండి. టెస్ట్ డ్రైవ్‌లో ఏం గమనించారో, ఆయిల్ ఎలా ఉందో, ఏ భాగం ఎందుకు పనికిరాదో జాబ్ కార్డు మీద రాసి, సంతకం, తేదీ వేయమనండి. తీసేసిన భాగాలు, పాత ఆయిల్ నమూనా పారేయవద్దని ఇప్పుడే మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో చెప్పి ఉంచండి.

ఇలా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) ప్రకారం, వినియోగదారుకు చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. బిల్లు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఇది పెద్ద షోరూంకూ వర్తిస్తుంది, ఊళ్ళో షెడ్డుకూ వర్తిస్తుంది. మీరు ఆయిల్ మార్పించిన చోట బిల్లు తీసుకున్నారా? ఏ డబ్బా పోశారో దాని మీద ఉంటే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. లేకపోతే ఆ మెకానిక్‌ను ఇప్పుడైనా రాసి ఇమ్మనండి.

వారంటీ సంగతి. బయట చేయి పడితే వారంటీ మొత్తం పోతుందని కంపెనీలు గుండుగుత్తగా చెప్పడం పాత అలవాటు. భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేస్తూ ఈ అలవాటును తప్పుపట్టింది. విడిభాగాలు, లోపం పట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేయడమే అక్కడ ప్రధాన ఆరోపణ. బయట చేసిన పని సరిగా లేక ఏ మేరకు నష్టం జరిగిందో ఆ మేరకే వారంటీ రద్దు చేయాలని ఆదేశించింది. ఆ తీర్పు పై కోర్టుల్లో సవాళ్ళు ఎదుర్కొంది కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని నిలబడకండి. మీ వారంటీ పుస్తకంలో ఏముందో అక్షరం అక్షరం చదివి, ఏ నిబంధన కింద కాదంటున్నారో, ఆ ఆయిల్‌కూ ఈ లోపానికీ సంబంధం ఏమిటో రాసివ్వమనండి. ఒక్క మాట దాచకుండా చెప్పాలి. సీవీటీలో మరో రకం ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ నిజంగానే పాడవుతుంది. అలా జరిగిందని నమూనా పరీక్షలో తేలితే మీ నష్టానికి జవాబు చెప్పాల్సింది ఆ షెడ్డు.

‘మీ డ్రైవింగ్ వల్లే’ అన్న మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈ మాటకు తలవంచి డబ్బు కట్టేస్తారు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కంపెనీ పవర్‌షిఫ్ట్ ఆటోమేటిక్ కార్ల యజమానులకు ఇదే మాట చెప్పింది. వణుకు, జర్కు మీ తీరు వల్లేనని చాలామందిని తిప్పి పంపింది. గేర్‌బాక్స్‌లో లోపాలున్నాయని కంపెనీకి అప్పటికే తెలుసు. ఫిర్యాదులతో వ్యవహరించిన తీరు అన్యాయమని తేల్చి, అక్కడి ఫెడరల్ కోర్టు 2018 ఏప్రిల్‌లో కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. వేడి దేశాల్లో గేర్‌బాక్స్ కష్టాలు కంపెనీలకు కొత్త కావు. వేడీ తేమా ఉన్న వాతావరణంలో విద్యుత్ లోపాలు వస్తున్నాయని ఫోక్స్‌వాగన్ 2013 నవంబరులో ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్ ఉన్న 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచి, సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయించింది. మీ కారులోనూ అదే లోపం ఉందని నేను అనడం లేదు. డ్రైవింగ్ తప్పంటే ఏ తప్పు, ఏ రీడింగ్‌లో కనిపించింది అని అడగండి.

ఇక బండిని ఆపి ఉంచడం. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, ఒప్పుకున్న పని పూర్తి చేసినవారు తమ కూలి అందేదాకా వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చు. చెకింగ్ ఛార్జీ ఇంత అని జాబ్ కార్డు మీద రాసి మీరు సంతకం చేసి ఉంటే ఆ మొత్తం కట్టాల్సిందే. చేయని గేర్‌బాక్స్ పనికి గానీ, మీరు ఒప్పుకోని ఛార్జీకి గానీ బండిని ఆపే హక్కు వారికి లేదు. గొడవ ఎందుకనుకుంటే రసీదు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి కట్టి బండి తెచ్చుకోండి. తర్వాత ఆ డబ్బు తిరిగి అడిగే దారి మూసుకుపోదు. ఈలోగా వాళ్ళ దగ్గర బండికి నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలితే, ‘ఓనర్ రిస్క్’ అని గోడ మీద రాసినంత మాత్రాన తప్పించుకోలేరు. తాజ్ మహల్ హోటల్‌లో పార్కింగ్‌కు ఇచ్చిన కారు పోయిన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో హోటల్‌కు చెప్పింది ఇదే.

మాటలతో తేలకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. చాలా గొడవలు అక్కడే సర్దుకుంటాయి. అక్కడా కాకపోతే ఖమ్మంలోని జిల్లా వినియోగదారుల కమిషన్. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్ళో ఉన్నా, మీరు నివసించే ప్రాంతపు కమిషన్‌లో ఫిర్యాదు వేసే వీలు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 కల్పిస్తోంది. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన ధర ఐదు లక్షల వరకు ఫీజు లేదు, ఐదు నుంచి పది లక్షలైతే 200 రూపాయలు. కారు ధర లెక్కలోకి వచ్చినా మీకు 200తో సరిపోతుంది. సమస్య పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి.

లోపం ఉందని మొదట చూపాల్సింది ఫిర్యాదుదారే అని సుప్రీంకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. అందుకే పైన కాగితాల గురించి అంత పట్టుబట్టాను. అవసరమైతే పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరండి. అదే చట్టంలోని సెక్షన్ 38 అందుకే ఉంది. సి.ఎన్. అనంతరాం, ఫియట్ కేసులో 2010లో సుప్రీంకోర్టు స్వతంత్ర నిపుణుడితో కారును పరీక్ష చేయించమంది, తయారీ లోపం తేలితే ధర వాపసు ఇమ్మంది. కొత్త కారే కావాలని మాత్రం మొదటే పట్టుపట్టకండి. వారంటీ అంటే పాడైన భాగం బాగుచేయడమో మార్చడమో తప్ప కారు మార్చడం కాదని 2006లో మారుతి కేసులో అదే కోర్టు అంది.

పోలీస్ కేసు పెడదామా అని చాలామంది అడుగుతుంటారు. హైదరాబాద్‌లో ఒక సంస్థ 2009 సెప్టెంబరులో బీఎండబ్ల్యూ కొని, లోపం ఉందని నవంబరులో మోసం కేసు పెట్టింది. హైకోర్టు 2012లో కేసు కొట్టేసి కొత్త కారు ఇమ్మంది. అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళి, 50 లక్షలు చెల్లించి ముగించమన్న ఆదేశం వచ్చేసరికి 2024 జూలై. మీరు ఆ దారి పట్టవద్దు.

వకీలు తోడుంటే ధైర్యంగా ఉంటుందనుకుంటే కొత్తగూడెంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీ మండలంలోని కోయ కుటుంబాలకూ ఈ సంగతి చెప్పండి. న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100.