పాల చీటీలో లేని కొలత: అద్దంకి ప్రాంత పాడి రైతు, పత్తి చెక్క, అఫ్లాటాక్సిన్

ఉపోద్ఘాతం

అద్దంకి ప్రాంతంలో పాల కేంద్రానికి వచ్చిన పాలకు సాధారణంగా రెండు కొలతలు తీస్తారు. ఒకటి వెన్న శాతం, రెండవది వెన్నేతర ఘనపదార్థాల శాతం, అనగా ఎస్.ఎన్.ఎఫ్. ఆ రెండింటిని బట్టి చీటీపై ధర పడుతుంది. పాలలో ఉండవలసినవి ఎంత ఉన్నాయో ఈ కొలతలు తెలుపుతాయి. ఉండకూడనివి ఉన్నాయా అన్న మూడవ ప్రశ్నకు ఆ చీటీలో చోటు లేదు.

పాడి రైతు భవిష్యత్తును గురించిన చర్చ నేడు ప్రధానంగా దిగుమతి సుంకాల చుట్టూ తిరుగుతున్నది. ఆ చర్చ అవసరమే. అయితే సుంకం విదేశీ పోటీ నుండి పాల ధరను కాపాడగలదే గాని, పాలపై కొనుగోలుదారునికి ఉన్న నమ్మకాన్ని కాపాడలేదు. ఆ నమ్మకం దాణా బస్తా వద్ద మొదలవుతుంది. దానికి వెల కట్టే ఏర్పాటు పాల సేకరణ విధానంలో లేకపోవడమే నేటి ప్రధాన లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ప్రాంత స్వరూపం

గుండ్లకమ్మ తీరాన ఉన్న అద్దంకి ప్రాంతానికి నాగార్జునసాగర్ కుడి కాలువ నుండి అద్దంకి బ్రాంచి కాలువ ద్వారా నీరు అందుతుంది. పత్తి, మిరప, శనగ, వరి ఇక్కడి ముఖ్య పంటలు. ఈ నేల ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లు. అయినా నేడు పాల కేంద్రానికి చేరే పాలలో గేదె పాలదే పెద్ద వాటా.

మేత కూడా పంటల నుండే వస్తుంది. వరిగడ్డి, జొన్న చొప్ప, శనగ పొట్టు, తవుడు, పత్తి చెక్క, దొరికినప్పుడు వేరుశనగ చెక్క వాడుతారు. పత్తి చెక్క వెన్న శాతాన్ని నిలబెడుతుందన్న నమ్మకం రైతులలో బలంగా ఉన్నది. వెన్నను బట్టి ధర పడే విధానం ఆ నమ్మకాన్ని మరింత పెంచింది. పత్తి పొలానికీ పాల గిన్నెకూ మధ్య బంధం ఈ చెక్క బస్తాయే.

సంస్థలు మారినవి, సూత్రం మారలేదు

ఈ ప్రాంత రైతు పలు సంస్థా రూపాలను చూశాడు. సహకార సంఘాల పద్ధతి తరువాత 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ ఉత్పత్తిదారుల కంపెనీలకు దారి చూపింది. 2020 డిసెంబరు 2న రాష్ట్ర ప్రభుత్వం అమూల్ భాగస్వామ్యంతో ప్రకాశం, చిత్తూరు, కడప జిల్లాలలో పాల సేకరణ పథకాన్ని ప్రారంభించింది. ప్రైవేటు డెయిరీల పోటీ వీటికి తోడుగా ఉన్నది.

ఈ మార్పులన్నిటిలోను వివాదం ప్రధానంగా ధర ఎంత, చెల్లింపు ఎప్పుడు, యాజమాన్యం ఎవరిది అన్న ప్రశ్నలపైనే సాగింది. ధర కట్టే సూత్రం మాత్రం వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. వద్దనే నిలిచిపోయింది. కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన రెండవ శ్వేత విప్లవం 2028-29 నాటికి సహకార రంగ సేకరణను రోజుకు 1,007 లక్షల కిలోలకు చేర్చాలని లక్ష్యంగా పెట్టుకున్నది. అది పరిమాణ లక్ష్యం. దానికి దీటైన నాణ్యతా లక్ష్యం గ్రామ స్థాయిలో ఏర్పడవలసి ఉన్నది.

వాణిజ్య రక్షణ: బలము, పరిమితి

భారతదేశం 2019 నవంబరు 4న ఆర్.సి.ఇ.పి. ఒప్పందం నుండి వైదొలగడానికి పాడి రైతుల ఆందోళన ఒక ముఖ్య కారణం. 2022లో ఆస్ట్రేలియాతోను, 2025 జూలై 24న బ్రిటన్‌తోను కుదిరిన ఒప్పందాలలో పాల ఉత్పత్తులకు సుంకం రాయితీ ఇవ్వలేదు. పాలపొడిపై 60 శాతం, వెన్నపై 40 శాతం దిగుమతి సుంకం ఉన్నది. దేశీయంగా 2025 సెప్టెంబరు 22 నుండి వెన్న, నెయ్యిపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి తగ్గింది. ప్యాకెట్ పనీరుపై పన్ను పూర్తిగా తొలగింది. రెండు మూడు పశువులతో జీవనం సాగించే కుటుంబాలకు ఈ రక్షణ అవసరమనడంలో సందేహం లేదు.

అయితే మన దిగుమతి నిబంధనలలో గమనించదగిన అంశమొకటి ఉన్నది. విదేశీ పాల ఉత్పత్తి మన దేశంలోకి రావాలంటే, ఆ పశువులకు నెమరువేయు జంతువుల రక్తం, అవయవాలతో చేసిన దాణా పెట్టలేదన్న ధ్రువపత్రం కావాలి. పశువు ఏమి తిన్నదని మనం ఇతరులను అడుగుతున్నాము. అదే ప్రశ్న మన కొట్టంలో వేసుకోవడం న్యాయం.

చెక్క నుండి పాలకు

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్ అను బూజులు పత్తి గింజ, వేరుశనగ, మొక్కజొన్నలపై పెరిగి అఫ్లాటాక్సిన్ బి1ను తయారుచేస్తాయి. పశువు దానిని తిన్న 12 నుండి 24 గంటలలో అది ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది. కాచినా, పాశ్చరీకరించినా నశించదు. కేసీన్‌ను అంటిపెట్టుకుని ఉండడం వల్ల నెయ్యిలో కంటె పనీరులో ఎక్కువగా నిలుస్తుంది.

కోస్తాలో పత్తి తీత కాలమూ తుఫానుల కాలమూ ఒకటే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అటువంటి వర్షాలలో తడిసిన పత్తి నుండి వచ్చిన గింజకు, తేమ నేలపై నిలవ చేసిన చెక్కకు బూజు ముప్పు అధికం. రంగు మారిన చెక్క తక్కువ ధరకు వస్తుంది. చౌకగా దొరికినదని అదే కుడితి తొట్టికి చేరుతుంది.

విద్యార్థుల సౌలభ్యం కొరకు ఒక లెక్కను పరిశీలిద్దాము. ఇవి నమూనా అంకెలు మాత్రమే. ఒక గేదె రోజుకు 3 కిలోల చెక్క తిని 8 లీటర్ల పాలు ఇస్తున్నదనుకొందాము. తిన్న బి1లో 2 శాతం ఎం1గా పాలలోకి వస్తున్నదనుకొందాము.

చెక్కలో కిలోకు 100 మైక్రోగ్రాముల బి1 ఉంటే, పశువు తిన్నది 300 మైక్రోగ్రాములు. పాలలోకి వచ్చేది 6. లీటరుకు 0.75 మైక్రోగ్రాములు.

చెక్కలో 20 మైక్రోగ్రాములుంటే, తిన్నది 60. పాలలోకి వచ్చేది 1.2. లీటరుకు 0.15.

చెక్కలో 5 మైక్రోగ్రాములుంటే, తిన్నది 15. పాలలోకి వచ్చేది 0.3. లీటరుకు సుమారు 0.04.

మన దేశంలో పాలలో ఎం1 పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. ఐరోపా సమాఖ్యలో 0.05. మొదటి పాలు మన పరిమితినే దాటాయి. రెండవవి ఇక్కడ చెల్లుతాయి, ఐరోపాలో చెల్లవు. మూడవవి రెండు చోట్లా చెల్లుతాయి. పాల ఉత్పత్తుల ఎగుమతిని గురించి మాట్లాడే ప్రతి విధానకర్తా ఈ మూడు వరుసలను చూడవలసి ఉన్నది. దాణాలోని ఇతర పదార్థాల నుండి కూడా బి1 చేరవచ్చును గనుక అసలు స్థితి ఈ లెక్కకంటె మెరుగ్గా ఉండనవసరం లేదు.

ఇది ఊహాజనితమైన ముప్పు కాదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో జరిపి 2019లో వెల్లడించిన జాతీయ సర్వేలో 6,432 నమూనాలకు 368లో ఎం1 పరిమితిని మించింది. యాంటీబయాటిక్ అవశేషాలు 77 నమూనాలలో మించాయి. ఆరోగ్యానికి హాని కలిగించే కల్తీ 12 నమూనాలలో మాత్రమే కనిపించింది. ప్రజలు కల్తీకి భయపడుతుండగా, అసలు సమస్య మేతలోను, మందులోను ఉన్నదని ఆ సర్వే చూపింది.

జాగ్రత్తపడిన రైతుకు ప్రతిఫలమేది?

పొడి చెక్క కొన్న రైతు ఎక్కువ ఖర్చు పెడతాడు. బూజు చెక్క కొన్న రైతు తక్కువ ఖర్చు పెడతాడు. వెన్న ఒకటే అయితే ఇద్దరికీ ఒకే ధర. తరువాత ఇద్దరి పాలూ ఒకే శీతలీకరణ ట్యాంకులో కలుస్తాయి. అక్కడ ఎవరి జాగ్రత్త ఏదో, ఎవరి అజాగ్రత్త ఏదో తెలియదు. పొదుగు వాపునకు యాంటీబయాటిక్ ఇచ్చి, గడువు ముగియకముందే పాలు పోసిన సందర్భంలోనూ ఇదే జరుగుతుంది. గడువు పాటించిన కుటుంబం ఆ రోజుల ఆదాయాన్ని పూర్తిగా వదులుకుంటున్నది. నీతిబోధతో మాత్రమే ఈ అన్యాయం తీరదు.

ఊరట కలిగించే విషయమొకటి ఉన్నది. బూజు దాణా ఆపిన మూడు, నాలుగు రోజులలో పాలలోని ఎం1 చాలావరకు తగ్గిపోతుంది. అనగా సకాలంలో సమాచారం అందితే రైతు ఒక వారంలోనే సరిదిద్దుకోగలడు. లోపం కనిపెట్టడం శిక్షించుట కొరకు గాక సరిదిద్దుట కొరకు జరగాలి.

సూచనలు

1. గ్రామ ట్యాంకు స్థాయిలో ఎం1, యాంటీబయాటిక్‌లకు శీఘ్ర పరీక్ష పట్టీలతో క్రమబద్ధంగా పరీక్ష జరపాలి. వర్షాల అనంతరం పరీక్షల సంఖ్య పెంచాలి.

2. వరుసగా పరిమితిలో ఉన్న గ్రామ సంఘానికి లీటరుపై నాణ్యతా ప్రోత్సాహకం చెల్లించాలి. సంఘమంతటికీ ఇస్తే ఇరుగుపొరుగు ఒకరినొకరు హెచ్చరించుకుంటారు.

3. చికిత్స పొందుతున్న పశువు పాలను ఆపినందుకు, పశువైద్యుని చీటీ ఆధారంగా, సంఘం పాక్షిక పరిహారం ఇవ్వాలి.

4. రాష్ట్రం 2020లో పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల నియంత్రణకు చట్టం చేసింది. దాని తనిఖీ కర్మాగార దాణాతో ఆగక చిల్లర చెక్క దుకాణాలకు చేరాలి. మిశ్రమ దాణాకు ఐ.ఎస్. 2052 ప్రమాణం విధించిన కిలోకు 20 మైక్రోగ్రాముల పరిమితిని కొనుగోలుదారుకు తెలియజేయాలి.

5. చెక్కను చెక్కబల్లలపై, గోడకు దూరంగా పేర్చడం, కొద్దికొద్దిగా కొనడం, గడ్డకట్టినది, బూజు వాసన వచ్చినది పారవేయడం నేర్పాలి. బూజు పైకి కనిపించకపోయినంత మాత్రాన విషం లేదని చెప్పలేమన్న సంగతి కూడా చెప్పాలి. మేత, కుడితి పనులు చాలా ఇళ్లలో స్త్రీలే చూస్తారు గనుక శిక్షణ పాలుపోసే వేళ, పాల కేంద్రం వద్దనే జరగాలి.

ముగింపు

సరిహద్దు వద్ద సుంకం ఉండవలసినదే. కాని ఆ రక్షణ ఇచ్చిన కాలాన్ని మన కొట్టాలను చక్కదిద్దుకొనుటకు వినియోగించాలి. విస్తరణ శాస్త్రవేత్తలు రైతును పాలు పెంచమని అడిగినట్లే, చెక్క ఎక్కడ కొన్నారు, ఎక్కడ నిలవ చేశారు అని కూడా అడగాలి. అద్దంకి వంటి పత్తి ప్రాంతంలో దుకాణం చెక్క నుండి ట్యాంకు పాల వరకు నెలనెలా నమూనాలు తీసి ఒక సంవత్సరపు పటం తయారుచేయడం విద్యార్థులకు మంచి పరిశోధనాంశం. ఆ పటం చేతికి వచ్చిన నాడు పాల చీటీలో మూడవ కొలతకు చోటు అడిగే హక్కు రైతు సంఘాలకు ఆధారసహితంగా లభిస్తుంది.