గానుగ పెట్టాలనుకున్న హవల్దారు: లోను కాగితాల వరస

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్ళకు రిటైరై వచ్చే హవల్దారుకు నలభై దాటి ఎంతో కాలం కాదు. పిల్లల చదువులు సగంలో ఉంటాయి. గ్రాట్యుటీ, ఫండు, కమ్యూటేషన్ డబ్బు అన్నీ ఒక్కసారే చేతికొస్తాయి. గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం ఇష్టంలేనివాడు ఆ డబ్బుతో వెంటనే మిషన్లు కొనేస్తాడు. అలా కొనడంతోనే పెద్ద సబ్సిడీ చేజారుతుంది.

ఆ సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అందరూ పిలిచే పేరు పీఎంఈజీపీ, కొత్త యూనిట్లకే వర్తిస్తుంది. నడుస్తున్న యూనిట్‌కు తర్వాత వెళ్ళి అడిగితే ఇవ్వరు. కాబట్టి ముందు కాగితాలు, తర్వాతే మిషన్లు.

మాజీ సైనికులు ఈ పథకంలో ప్రత్యేక కేటగిరీ. ఆ తేడా ఎంతో ఒక లెక్కలో చూద్దాం. ఊళ్ళో 20 లక్షలతో గానుగ నూనె యూనిట్ అనుకుందాం. జనరల్ కేటగిరీ వాళ్ళు 10 శాతం, అంటే 2 లక్షలు సొంతంగా పెట్టాలి. గ్రామాల్లో వాళ్ళకు సబ్సిడీ 25 శాతం, 5 లక్షలు. మాజీ సైనికుడు పెట్టాల్సింది 5 శాతమే, లక్ష రూపాయలు. సబ్సిడీ 35 శాతం, 7 లక్షలు. పట్టణంలో పెడితే అది 25 శాతానికి తగ్గుతుంది. షెడ్డు ఎక్కడ వేయాలో తేల్చుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్ 50 లక్షల దాకా, సేవల యూనిట్ 20 లక్షల దాకా ఉండొచ్చు. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

మొదట డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ (పింఛను ఆర్డరు) పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. అక్కడ పేరు నమోదు చేయించుకుని, మాజీ సైనికుల గుర్తింపు కార్డు తీసుకోండి. మీ కేటగిరీకి రుజువు అదే. ఆధార్‌లో, పాన్‌లో, డిశ్చార్జ్ బుక్కులో ఇంటిపేరు ఒకేలా ఉందా చూసుకోండి. సైన్యం రికార్డుల్లో తెలుగు ఇంటిపేర్లు చిత్రచిత్రమైన స్పెల్లింగులతో ఉంటాయి. ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి పట్టే సమయం బ్యాంకు పనికి కూడా పట్టదు.

ఇక ప్రాజెక్టు రిపోర్టు. జిరాక్స్ షాపులో దొరికే రెడీమేడ్ రిపోర్టు మీద నాకు నమ్మకం లేదు. మేనేజర్ అడిగే రెండో ప్రశ్నకే అది చేతులెత్తేస్తుంది. గానుగ వ్యాపారంలో డబ్బంతా మిషన్లో ఉండదు, పల్లీల్లో, నువ్వుల్లో ఉంటుంది. పంట చేతికొచ్చినప్పుడు సరుకు కొని నిల్వ చేస్తేనే ఏడాదంతా గిట్టుబాటు. అందుకే వర్కింగ్ క్యాపిటల్‌ను తక్కువ చేసి రాయకండి. నూనె అమ్మకంతోపాటు, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మకం కూడా ఆదాయంలో చూపండి. త్రీఫేజ్ కనెక్షన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి, డబ్బాలు, లేబుళ్ళ ఖర్చు వేయండి. స్థలం కొనుగోలు మాత్రం ప్రాజెక్టు ఖర్చులోకి రాదు. మిషన్లకు కొటేషన్లు తీసుకోండి, అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అమలు సంస్థగా ఖాదీ కమిషన్‌ను, ఖాదీ బోర్డును లేదా జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని ఎంచుకోవాలి. యూనిట్ ఊళ్ళోనే పెడుతున్నారని తెలిపే గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం జతచేయాలి. బ్యాంకును ఎంచుకునేటప్పుడు మీ పింఛను పడే శాఖ పేరు రాయడం మంచిది. నెలనెలా మీ ఖాతాలో ఏం పడుతుందో వాళ్ళకు తెలుసు. భార్యాభర్తలు కలిసి ఒకే కుటుంబం కింద లెక్క, ఒక కుటుంబానికి ఒకే యూనిట్. మహిళలకూ ఇదే ప్రత్యేక కేటగిరీ వర్తిస్తుంది కనుక, వ్యాపారం నిజంగా ఇల్లాలే చూసుకునేట్టయితే ఆమె పేరునే దరఖాస్తు చేయొచ్చు.

మన 20 లక్షల యూనిట్‌కు బ్యాంకు మంజూరు చేసేది 95 శాతం, అంటే 19 లక్షలు. 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. ఆ పైన తాకట్టుకు బదులు చిన్న పరిశ్రమల రుణాలకిచ్చే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉంది, దానికి రుసుము ఉంటుంది. వ్యాపార శిక్షణ పూర్తిచేయాలి. సబ్సిడీ 7 లక్షలు మీ చేతికి రావు. మూడేళ్ళు బ్యాంకులోనే మీ పేరున డిపాజిట్‌గా ఉంటాయి. దానికి వడ్డీ రాదు, లోనులో అంత మేరకు మీ మీదా వడ్డీ పడదు. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక లోనులో జమవుతాయి. మధ్యలో మూసేస్తే ఆ సబ్సిడీ పోయినట్టే. మిగిలిన 12 లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్ళ వాయిదా వేస్తే నెలకు సుమారు 26 వేలు. ఆ మొత్తం వ్యాపారం నుంచే రావాలి. పింఛను లోంచి కడదాం అనిపిస్తే యూనిట్ సైజు తగ్గించండి. కమ్యూట్ చేసిన భాగం 15 ఏళ్ళ దాకా పింఛనులోకి తిరిగి రాదు మరి.

ఇప్పటికే దుకాణం నడుపుతున్నవారికి పీఎంఈజీపీ రాకపోయినా ముద్ర లోను ఉంది. సబ్సిడీ లేదు, తాకట్టూ లేదు. 10 లక్షల దాకా ఇస్తారు. ముద్రలో తరుణ్ అనే తరగతి లోను సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి 20 లక్షల దాకా. పీఎంఈజీపీ యూనిట్ మూడేళ్ళు లాభంలో నడిచి, మొదటి లోను తీరితే, తయారీ యూనిట్‌ను కోటి రూపాయల దాకా పెంచుకోవడానికి రెండో లోను అడగొచ్చు. దానిలో సబ్సిడీ 15 శాతమే.

ఇవన్నీ గడువు పెట్టి పొడిగించే పథకాలు. దరఖాస్తు చేసేనాటికి ఏ రేటు అమల్లో ఉందో పరిశ్రమల కేంద్రంలో అడగండి. పీఎంఈజీపీ దరఖాస్తుకు గానీ, చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు గానీ పైసా ఫీజు లేదు. సబ్సిడీలో ఇంత శాతం ఇస్తే పని చేయిస్తానని ఎవరైనా ఇంటికొస్తే గుమ్మంలోంచే పంపేయండి.