సంఘపు తాళపుచెవి

కొల్లిపర ప్రాంతమున పసుపు పండించు రైతు కొట్టు తాళపుచెవిని పరుల చేతికీయడు. నేడు మన పరపతి సంఘముల లెక్కలు కంప్యూటరులోనికి మారుచున్నవి. 63,000 ప్రాథమిక సంఘముల విషయమున ఈ మార్పునకు కేంద్రప్రభుత్వము 2022లో అనుమతించెను. ఇకమీదట పాస్‌వర్డు అను రహస్యపదమే సంఘపు తాళపుచెవి.

ఇది పరుల పాలయినచో ఏమగును? హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు సంగతి వినుడు. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు మోసపు ఈ-మెయిళ్లు వచ్చెను. వానిని తెరచుటతో దొంగలు కంప్యూటరులలో ప్రవేశించి పాస్‌వర్డులను సంగ్రహించిరి. 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము పరుల ఖాతాలకు తరలిపోయెను. తాళము పగులలేదు, గోడకు కన్నము పడలేదు. రక్షణలోపములకుగాను 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల జరిమానా విధించెను.

మేము చూచిన యొక సంఘమున పాస్‌వర్డు చీటీ కంప్యూటరునకే అంటించియుండెను. తాళపుచెవిని తలుపునకే వ్రేలాడగట్టుట గాదా యిది? పైగా అందరికిని ఒకటే పాస్‌వర్డు. అట్లయిన దొంగ వ్రాసిన పద్దును గుమాస్తా వ్రాసినట్లే కనబడును. నిర్దోషిపై నింద పడును.

కావున ఈ నాలుగు కట్టుబాట్లు అవసరము.

1. ఉద్యోగి కొక పాస్‌వర్డు వేరుగా నుండవలెను.
2. పని మానినవాని ప్రవేశమును ఆనాడే రద్దుచేయవలెను.
3. ఎరుగనివారు పంపిన లింకును తాకరాదు.
4. పెద్ద చెల్లింపునకు ఇద్దరి యామోదము కావలెను.

సభ్యులారా! రాబోవు మహాజనసభలో వీనిలో నెన్ని అమలగుచున్నవో అడుగుడు. సంఘపు సొమ్ము మన సొమ్మే గదా!