విశ్రాంతి అంటే సెలవు కాదు

డిసెంబర్ వచ్చిందంటే రికార్డులు, ఇంటర్నల్స్, ప్లేస్‌మెంట్ల టెన్షన్. "రెండు రోజులు పడుకుంటే చాలురా" అనుకుంటాం. పడుకుని లేచినా మనసు తేలికపడదు. మరి క్రిస్మస్ ఇచ్చే విశ్రాంతి ఎలాంటిది?

మత్తయి సువార్త 11వ అధ్యాయం చివర్లో యేసు బరువులు మోసి అలసినవాళ్లను తన దగ్గరికి పిలుస్తాడు, విశ్రాంతి ఇస్తానంటాడు. ఆ వెంటనే తన కాడి ఎత్తుకొమ్మంటాడు! అలసినోళ్లకు మళ్లీ కాడి ఎందుకు? మన సిద్దిపేట రైతును అడిగితే చెప్తాడు: కాడికి రెండెడ్లు. బరువు ఒక్క మెడ మీదే పడదు. క్లాసులో మనం లోడ్ షేరింగ్ అనేది ఇదే. నాకు అర్థమైనంతలో విశ్వాసం పనిని తీసేయదు, మోసేటప్పుడు తోడుంటుంది. పశువుల తొట్టిలో పుట్టిన యేసు కథ కూడా దేవుడు మనిషికి తోడుగా వచ్చాడనే చెబుతుంది.

2016 దాకా మనదీ మెదక్ జిల్లానే కదా. మెదక్ చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర కరువు కాలంలో కట్టించారు. ఆకలితో ఉన్న జనానికి ఆ పనే అన్నం పెట్టింది. 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, ఆ గుడిని ప్రతిష్ఠించారు. లోపల రంగు అద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. అక్కడి శాంతి వెనక ఎందరిదో చెమట ఉంది.

అందుకే మిత్రులారా, ఈ క్రిస్మస్‌కు మీ బరువేదో ప్రార్థనలో చెప్పుకోండి. బ్యాక్‌లాగ్‌లతో కుంగిపోతున్న పక్క బెంచీ దోస్తును కూడా ఓసారి పలకరించండి. అతని కాడికీ రెండో భుజం కావాలి.