వ్యాపారం – వ్యక్తిత్వం

పాఠ్యభాగ ఉద్దేశం

చదువు ముగించుకొన్న యువతీ యువకులందరికీ ఉద్యోగాలు లభించవు. కొందరు స్వయం ఉపాధిని ఎంచుకొని చిన్న వ్యాపారాలు ప్రారంభిస్తారు. అట్టివారికి పెట్టుబడి ఎంత అవసరమో, వ్యక్తిత్వ వికాసమూ నాయకత్వ లక్షణాలూ అంతే అవసరమని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఉద్యోగికి పైన ఒక అధికారి ఉంటాడు. చేయవలసిన పనిని ఆయన చెబుతాడు. తప్పు జరిగితే సరిదిద్దుతాడు. చిన్న వ్యాపారం ప్రారంభించిన వ్యక్తికి అటువంటి అధికారి ఎవ్వరూ ఉండరు. దుకాణం ఏ వేళకు తెరవాలో, సరుకు ఎంత తేవాలో, అరువు ఎవరికి ఇవ్వాలో, పనివానితో ఏ విధంగా మాట్లాడాలో అన్నీ తానే నిర్ణయించుకోవాలి. తన తప్పును తానే గుర్తించాలి. తనను తానే మందలించుకోవాలి. అందుచేత చిన్న వ్యాపారంలో నాయకత్వం ఇతరులను ఆజ్ఞాపించడంతో కాక, తనను తాను అదుపులో ఉంచుకోవడంతో మొదలవుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వ్యాపారి ముందుగా గెలవవలసిన ఇల్లు అతని మనస్సే.

యజమాని ఎదిగిన మేరకే వ్యాపారం ఎదుగుతుందనడానికి బొంబాయి నగరంలో అరవై ఆరేళ్ల ఎడంతో ప్రారంభమైన రెండు సంస్థలు చక్కని నిదర్శనాలు.

మొదటిది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్థాపించినది. 1867లో జన్మించిన ఈ కృష్ణా జిల్లావాసి మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. సొంత వ్యాపారం పెట్టాలన్న కోరిక బలంగా ఉన్నా ఆయన తొందరపడలేదు. మద్రాసులోను, కలకత్తాలోను, తరువాత బొంబాయిలోను ఇతరుల సంస్థలలో పనిచేశారు. మందుల వ్యాపారంతో కలకత్తాలోనే పరిచయం ఏర్పడింది. ఆ అనుభవం తరువాతనే 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించారు.

ఒకరి వద్ద పనిచేయడాన్ని చిన్నతనంగా భావించే యువకులు ఈ విషయాన్ని గమనించాలి. సరుకు ఎక్కడ చవకగా దొరుకుతుందో, కొనేవారు ఏ మాటకు సంతోషిస్తారో, ఏ చిన్న అశ్రద్ధ పెద్ద నష్టాన్ని తెస్తుందో పని చేసే చోటనే తెలుస్తుంది. శిష్యుడుగా ఉండడానికి ఇష్టపడనివాడు యజమానిగా రాణించడం కష్టం.

అమృతాంజనం తయారైంది. కాని పేరే వినని మందును ప్రజలు ఎందుకు కొంటారు? నాగేశ్వరరావు పంతులు సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసినవారికి గుణం తెలిసింది. తెలిసినవారు మరొకరికి చెప్పారు. కొత్త వ్యాపారి సంపాదించవలసిన మొదటి లాభం ధనం కాదు, నమ్మకం. అయితే ఉచితంగా ఇచ్చిన వస్తువులో సత్తా లేకపోతే ఆ పంపకమే అపకీర్తిని ఊరంతా చాటుతుందన్న సంగతినీ మరువరాదు.

వ్యాపారం స్థిరపడిన తరువాత ఆయన దృష్టి తెలుగువారి అవసరాల వైపు మళ్లింది. 1908లో బొంబాయి నుండి ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా వెలువరించారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ మాసపత్రిక, 1926లో ‘ఆంధ్ర గ్రంథమాల’ ఆరంభమయ్యాయి. తలనొప్పి మందు ఆర్జించిన ధనం తెలుగు సాహిత్యానికి ఆసరా అయింది. ప్రజలు ఆయనను ‘విశ్వదాత’ అన్నారు. అమృతాంజనానికీ ఆంధ్రపత్రికకూ నడుమ పదిహేనేళ్ల వ్యవధి ఉన్నదన్న విషయం ముఖ్యమైనది. పునాది గట్టిపడక ముందే గొప్పకు పోయి వెచ్చించేవాడు దాతా కాలేడు, వ్యాపారీ కాలేడు.

రెండవ సంస్థ ఏడుగురు గృహిణులది. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గాం ప్రాంతంలో ఒక భవనం మేడపై కూర్చొని వారు అప్పడాలు ఒత్తారు. వారిలో జస్వంతీబెన్ పోపట్ ఒకరు. వారి పెట్టుబడి అప్పుగా తెచ్చిన ఎనభై రూపాయలు. మొదటి రోజున తయారైనవి నాలుగే ప్యాకెట్లు. అదే తరువాత ‘లిజ్జత్ పాపడ్’గా దేశమంతటా పేరు పొందింది.

ఆరంభంలో వారు రెండు రకాల అప్పడాలు చేసేవారు. ఒకటి మేలురకం, రెండవది తక్కువ ధరకు అమ్మే నాసిరకం. వారికి అప్పు ఇచ్చి మార్గం చూపిన ఛగన్‌లాల్ పారేఖ్ నాసిరకాన్ని మానివేయమన్నారు. నాణ్యత విషయంలో రాజీ పడవద్దనీ, లెక్కలు సక్రమంగా రాయాలనీ హితవు చెప్పారు. నాసిరకం మానివేస్తే చవకగా కొనేవారిని పోగొట్టుకోవలసి వస్తుంది. అయినా ఆ మహిళలు ఆయన మాటను పాటించారు. సలహా వినడం సులభమే. చేతికి వచ్చే డబ్బును వదులుకొని ఆ సలహాను పాటించడంలోనే వ్యక్తిత్వం బయటపడుతుంది.

మొదటి ఏడాది వానలు మరొక పరీక్ష పెట్టాయి. ఎండ లేక అప్పడాలు ఆరలేదు. నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు వారు ఒక మంచమూ ఒక స్టవ్వూ కొన్నారు. మంచంపై అప్పడాలు పరచి, కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. వానను తిట్టుకొని ఊరుకొంటే మరో నాలుగు నెలల ఆదాయం పోయేది. కష్టానికి కారణం తమ చేతిలో లేకపోయినా, ఉపాయం తమ చేతిలోనే ఉన్నదని వారు గ్రహించారు.

నష్టం వచ్చినా విరాళాల కోసం చేయి చాపరాదని కూడా వారు నిశ్చయించుకొన్నారు. పని చేసే ప్రతి మహిళా ఆ సంస్థకు యజమానురాలే. లాభనష్టాలను అందరూ పంచుకొంటారు. బాధ్యతను పంచినందువల్ల నాయకత్వం తరిగిపోదని, మరింత బలపడుతుందని వారి అనుభవం చాటింది. 2021లో జస్వంతీబెన్‌కు పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ రెండు చరిత్రలనుండి నేటి కొత్త వ్యాపారి గ్రహించదగినవి ఎన్నో ఉన్నాయి. అన్నిటికంటె ముందు నేర్వవలసినది గల్లాపెట్టె విషయంలో నిగ్రహం. సాయంత్రం గల్లాపెట్టెలో కనిపించే సొమ్ములో రేపటి సరుకు ధర ఉంటుంది, దుకాణం అద్దె ఉంటుంది, పనివాని జీతం ఉంటుంది. యజమానిది చివరకు మిగిలే కొద్ది భాగమే. ఇంట్లో పెండ్లి వచ్చిందనో, పండుగ వచ్చిందనో అందినంత తీసుకొంటూ పోతే, అమ్మకాలు బాగున్న దుకాణమే ఒకనాడు సరుకు లేక వెలవెలబోతుంది. అందువల్ల ఇంటి లెక్క, దుకాణం లెక్క వేరువేరుగా ఉండాలి. యజమాని కూడా నెలకు ఇంత అని జీతంగా తీసుకోవడం ఉత్తమం.

వ్యాపారం రెండు చేతులకు మించి పెరిగినప్పుడు అసలైన పరీక్ష ఎదురవుతుంది. అంతవరకు అన్నీ తానే చేసుకొన్న యజమానికి ఇతరులు చేసిన పని నచ్చదు. ప్రతిదానికీ అడ్డు తగులుతాడు. కొనేవారి ఎదుటనే పనివానిని కసురుకొంటాడు. పనివాడు క్రమంగా చెప్పిందే చేస్తాడు. తప్పు కనబడినా నోరు విప్పడు. ఆ మౌనాన్ని విధేయతగా భ్రమించే యజమాని తన కళ్లను తానే మూసుకొన్నవాడవుతాడు. పనిని ఓపికతో నేర్పి, తప్పును చాటుగా దిద్ది, మంచి పనిని నలుగురిలో మెచ్చుకొనేవాడే నాయకుడు. తాను ఊరికి వెళ్లిన రోజున కూడా దుకాణం సక్రమంగా నడిస్తే అది అతని నాయకత్వానికి లభించిన యోగ్యతాపత్రం.

తలుపు వేసిన తరువాత రోజూ కొద్దిసేపు లెక్క చూసుకోవడం ప్రతి వ్యాపారికీ అలవాటే. ఎంత అమ్మానని మాత్రమే కాక, ఈ రోజు ఏమి నేర్చుకొన్నానని, ఎవరి మాటను వినకుండా తోసివేశానని కూడా లెక్క చూసుకొనే యజమాని వ్యాపారంతో పాటు తానూ ఎదుగుతాడు.

పదాలు – అర్థాలు

నిదర్శనం = ఉదాహరణ, రుజువు
ఆర్జించు = సంపాదించు
వ్యవధి = మధ్య కాలం
హితవు = మేలు కోరి చెప్పిన మాట
నిగ్రహం = అదుపు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ‘యజమాని ఎదిగిన మేరకే వ్యాపారం ఎదుగుతుంది’ – పాఠం ఆధారంగా వివరించండి.
2. బొంబాయి గృహిణుల సంస్థ ఎదుర్కొన్న పరీక్షలను, వాటిని అధిగమించిన తీరును తెలపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. నాగేశ్వరరావు పంతులు అమృతాంజనంపై ప్రజలలో నమ్మకం ఎట్లా కలిగించారు?
2. గల్లాపెట్టెలోని సొమ్మంతా యజమానిది ఎందుకు కాదు?
3. పనివాని మౌనం యజమానికి ఎట్లా హాని చేస్తుంది?